నెలాఖరు రీడింగు

నారిన్ ఊళ్లో, మా వీధి గ్రంథాలయం తలుపు మీద
నురిపా ఒక కాగితం అంటించింది:
మీ బతుకులోకి వచ్చిన ఒక యంత్రం గురించి రాయండి,
రెండు వందల మాటలు దాటొద్దు,
గడువు శుక్రవారం,
బహుమతి ఒక టీ కెటిల్.

కెటిల్ నాకు అక్కర్లేదు. ఇంట్లో రెండున్నాయి,
ఒకదానికి మూత లేదు.
కానీ ఇరవై రెండేళ్లుగా రాస్తున్నదాన్ని నేను.
రాసిందల్లా అంకెలే.

కరెంటు మీటర్లు చూడడం నా పని.
నెలకి నాలుగు వందల పదకొండు గడపలు.
ముందు కుక్క మొరుగుతుంది,
తర్వాత మనిషి బయటికొస్తాడు,
ఆ తర్వాతే మీటరు.
మోకాళ్ల దాకా మంచు పడే జనవరిలో
పెన్నులో సిరా గడ్డ కడితే
చంకలో పెట్టి కరిగించుకుని రాసేదాన్ని.

ఇంటి గుట్టు ఎక్కడ దాగినా
ఆ పల్చటి రేకు చక్రం దగ్గర దాగదు.
ఉసెన్ ఇంట్లో అది అసలు తిరిగేదే కాదు,
హీటరు మాత్రం ఎర్రగా కాలుతుండేది.
చూడనట్టే మూడు నెలలు రాశాను.
నాలుగో నెల దొంగతీగ తానే పీకేసి,
తల దించుకుని, గుప్పెడు కురుత్ నా జేబులో పోశాడు.
ఆ ఉప్పటి పెరుగు ఉండలు
వారం రోజులు చప్పరించాను.

బాతినా ఇంట్లో మార్చిలో చక్రం నెమ్మదించింది.
టీవీ ఎందుకు ఆగిందని అడగలేదు.
వాకిట్లో గోడకి ఆనించిన రెండు చేతికర్రల్లో
ఒకటే ఉంది.

వచ్చే నెల నుంచి కొత్త మీటర్లట.
వాటిని అవే చదువుకుని
వాటంతట అవే ఆఫీసుకి చెప్పేస్తాయట.
ఈ మాట చెప్పిన కుర్రాడు
నా ముఖం చూడలేక కంప్యూటరు ముఖం చూశాడు.

సోమవారం రాత్రి కూర్చున్నాను.
"మీటరు అనగా" అని మొదలుపెట్టి, కొట్టేశాను.
మంగళవారం కరెంటు పోయింది.
నిజం చెప్పొద్దూ, కొవ్వొత్తి వెలుగులో
టెక్నాలజీ గురించి రాయడం బాగుంది.
తిడదామనే కూర్చున్నాను.
ఆ తెల్ల డబ్బాని తలుచుకుంటే తిట్టు రాలేదు.
పాపం, అది చలికి వణకదు, కుక్కకి జడవదు,
ఉసెన్ కోసం మూడు నెలలు ఆగదు.
ఆగడం దానికి ఎవరూ నేర్పలేదు.

లెక్కపెడితే రెండు వందల ముప్పై ఏడు మాటలు.
హద్దు దాటి వాడితే రేటు ఎక్కువని
ఊరందరికీ చెప్పేదాన్ని నేనే కదా,
ముప్పై ఏడు కోసేశాను.
బాతినా పేరు తీసి కర్రని ఉంచాను.
ఉసెన్‌ని మొత్తంగా తీసేశాను.
కొన్ని రీడింగులు పుస్తకానికి ఎక్కకూడదు.
మీకు చెప్పానంటే, మీరు మా ఊరివాళ్లు కారు గనక.

శుక్రవారం పదకొండు మందిమి.
భౌతికశాస్త్రం మాస్టారు ఇంటర్నెట్ మహిమ మీద నాలుగు పేజీలు చదివాడు,
నురిపా రెండుసార్లు గడియారం చూసింది.
గొర్రెల సాతర్, గుర్రం వీపున కట్టిన
సౌర పలక గురించి చెబుతూ
కాగితం చూడటం మరిచిపోయాడు.
తర్వాత తొమ్మిదేళ్ల అయ్‌జిరెక్, చెవి మిషను పెట్టుకునే పిల్ల, లేచింది.
"ఇది పెట్టుకున్నాకే తెలిసింది
మంచు పడేటప్పుడు నిజంగానే చప్పుడుండదని.
అప్పటిదాకా నాకొక్కదానికే వినపడదనుకున్నాను."
అంతే. కూర్చుంది.
మాస్టారు తన నాలుగు పేజీల్ని మడిచి
ఇంకోసారి మడిచాడు.
కెటిల్ ఎవరిదో తేలిపోయింది.

ఇంకా నేను మిగిలాను.
నిలబడితే గొంతు పట్టేసింది.
అలవాటు కొద్దీ గోడకేసి చూశాను.
తలుపు పక్కన గ్రంథాలయం మీటరు,
చక్రం మీది నల్లగీత ఇటొచ్చి, అటు దాగి, మళ్లీ ఇటొచ్చి.
పదకొండు మందిమీ ఒకే బల్బు కింద.

"ఒక్క నిమిషం" అన్నాను.
అరచేతిలో రాసుకున్నాను:
సున్నా నాలుగు నాలుగు ఒకటి ఎనిమిది.
అప్పుడు చదివాను.