మ్యూట్‌లో ఉన్నారు

బుధవారం మూడింటికి
ఓపీ చీటీలు పక్కకు జరిపి
టీకాల డబ్బా మీద ఫోను నిలబెడతాను.
సిగ్నల్ కిటికీ దగ్గరే దొరుకుతుంది,
కిటికీ తెరిస్తే ఎనుమాముల మార్కెట్ నుంచి
తేజ మిర్చి ఘాటు.
ఈ బస్తీ దవాఖానాలో
తుమ్ముకుంటూనే నేర్చుకోవాలి.

తెర మీద పద్నాలుగు గళ్లు.
మంథని, ఉట్నూరు, ఏటూరునాగారం,
ఒక గడిలో తిరుగుతున్న ఫ్యాను మాత్రమే.
బెంగుళూరు నుంచి పెద్ద డాక్టరమ్మ
వచ్చీరాని తెలుగులో
"వ్యసనం అని రాయకండి ముందు,
నొప్పి ఎక్కడ మొదలైందో రాయండి" అంటుంది.
మెడిసిన్ చదివిన అన్నేళ్లలో
ఈ జబ్బుకి మాకు దక్కింది ఒక్క పూట.
ఆ పూట నేను క్యాంటీన్లో ఉన్నానేమో, గుర్తులేదు.

ఈ వారం కేసు నాది.
పేరు చెప్పకూడదు.
ముప్పై ఎనిమిదేళ్ల పురుషుడు, హమాలీ, అన్నాను.
ఓదెలు అనలేదు.
బస్తా ఆనేచోట వీపు కాయ కాసిందని,
ఉత్త చేతులతో గుమ్మంలో నిలబడ్డా
కాస్త వంగే ఉంటాడని అనలేదు.
రోజుకు ఇరవై రెండు బిళ్లలు,
ఒకసారి కాంటా దగ్గర ఫిట్స్ వచ్చి పడ్డాడు, అన్నాను.
"ఒక్కటేసుకుంటే బస్తా దూదైతది మేడం,
ఏసుకోకుంటే నా పానమే బస్తా అయితది"
ఇది మాత్రం ఉన్నదున్నట్టు చదివాను.

"మొదటి బిళ్ల ఎవరిచ్చారు?"

చెప్పాను.
మూడేళ్ల కిందట, ఆషాఢంలో ముసురు పట్టిన రోజు,
తొంభై మంది ఓపీ,
నడుం నొప్పి, రోజుకు రెండు, పది రోజులు.
చీటీ మీద సంతకం నాది.
దాన్ని ప్లాస్టిక్ కవర్లో దాచుకుని
రెండేళ్లు మందుల షాపుల్లో చూపించాడు.
తర్వాత వాళ్లు చీటీ అడగడమే మానేశారు.
పోయిన నెల మళ్లీ వచ్చి చేతులు జోడిస్తే
"బిళ్లల కోసం నాటకాలా" అని
అందరి ముందూ వెళ్లగొట్టింది కూడా
నేనే.

చెప్పడం అయిపోయింది.
ఎవరూ కదల్లేదు.
ఆ నిశ్శబ్దం నాకు తగిన శిక్షే అనుకున్నాను.
అప్పుడు మంథని డాక్టరు:
"మేడం, మీరు మ్యూట్‌లో ఉన్నారు."

నవ్వొచ్చింది. నవ్వులోంచే ఏడుపు.
ఫిలోమినా సిస్టర్ చీటీలు సర్దుతున్నట్టు నటిస్తూ
తల ఎత్తకుండా అంది:
"నాకైతే వినబడ్డది మేడం. వాళ్లకు మళ్లొకసారి చెప్పుండ్రి."

రెండోసారి చెప్పడం మొదటిసారి లాంటిది కాదు.
"సంతకం నాది" దగ్గర
ఆగింది సిగ్నల్ కాదు, గొంతు.
ఏటూరునాగారం గడి వెలిగింది.
"నా చీటీలు కూడా ఉంటాయి, ఎవరి కవర్లోనో."
పెద్ద డాక్టరమ్మ ఎవరినీ ఓదార్చలేదు.
"అతన్ని పిలవండి.
ఆవలింతలు లెక్కపెట్టండి, కంటిపాప చూడండి,
రోమాలు నిక్కేదాకా మందు పెట్టకండి" అంది.

శుక్రవారం వచ్చాడు,
రాత్రి నుంచి ఒక్కటీ వేసుకోకుండా,
ముక్కు కారుతూ, ఎండలో వణుకుతూ,
చేతుల మీద రోమాలు వరికొయ్యల్లా లేచి.
కాగితం తీసి స్కోరు రెండుసార్లు కూడాను.
బిళ్ల నాలుక కింద పెట్టి
"మింగొద్దు, మాట్లాడొద్దు, కరిగేదాకా" అన్నాను.
పది నిమిషాలు
ఓదెలు మ్యూట్‌లో ఉన్నాడు.
నేనూ ఉన్నాను.

కరిగాక మొదటి మాట:
"చీటీ రాస్తరా మేడం?"
రాయలేదు.
రోజూ ఇక్కడికే రమ్మన్నాను.

తొమ్మిది రోజులు వచ్చాడు.
పదో రోజు మార్కెట్ నిండా మిర్చి, రాలేదు.
పదకొండో రోజూ అంతే.
ఇవాళ బుధవారం. మూడు కావస్తోంది.
ఫోను నిలబెట్టి కిటికీ తెరిచాను.
గేటు అవతల ఎవరో
ఆగకుండా తుమ్ముతున్నారు.
సిస్టర్ చూడ్డానికి వెళ్లింది.