ఎన్ని కాపీలు?

దల్కావె రేవుకి రెండిళ్ళ అవతల
నాది జిరాక్సు కొట్టు.
వాన తెరిపివ్వని దీవి మాది, చిలోయె.
ఇక్కడ కాగితం ఊరికే మెత్తబడిపోతుంది.
మనుషులు అంత తొందరగా కాదు.

ఎదువీనా నవెల్కీన్ మొదటిసారి వచ్చినప్పుడు
స్వెటర్ లోపల పొదువుకుని తెచ్చింది ఒక్క పేజీ,
రెండువైపులా చేత్తో రాసింది.
"ఏడు కాపీలు" అంది.
ఏడే ఎందుకంటే, డబ్బు ఏడింటికే ఉంది.

పంటు మీద అమ్మింది. నాలుగు పోయాయి.
ఒకటి కొన్న బంగాళాదుంపలావిడ
తడి బెంచీ మీద పరుచుకుని కూర్చుంది.
"అదీ పాఠకురాలేనా?" అన్నాను.
"కూర్చునే ముందు పై వరస చదివింది, చూశాను."

అవతలి ఒడ్డుకి పంటు దాటడం పది నిమిషాలు.
పేజీ అంతే పొడవుండాలని తనే కనిపెట్టింది:
ఆఖరి వాక్యానికి రేవు తగలాలి.

చలికాలానికి ముప్పై.
రాసేవేమంత ఘనమైన సంగతులు కావు:
గొర్రె కాలికి కట్టు కట్టడం,
చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
రబ్బరు తొడుగుల్లోకి దిగి
ఇంటిదాకా వెంటవచ్చే చలి.

నేను వ్యాపారస్తుణ్ణి, ఊరుకోగలనా?
"అడుగున నాలుగంగుళాలు వదులు,
పొయ్యిల కొట్టు ఒయార్సున్ డబ్బిస్తాడు" అన్నాను.
ఇచ్చాడు.
అడుగునుండాల్సిన పొయ్యి
వారం తిరిగేసరికి పేజీ నడిమధ్యకి ఎక్కి కూర్చుంది.
తన వంటింట్లో లేని పొయ్యిని
తన వాక్యాలు మెచ్చుకుంటున్నాయి.
ముప్పై కాస్తా ఇరవై ఒకటైంది.
పంటు మీద ఎవరూ పల్లెత్తు మాట అనలేదు,
చిల్లర లేదన్నారు, అంతే.

అప్పుడు అక్క సంగతి రాసింది.
తల్లి పోయిన రాత్రి మగ్గం ఎవరిదని
శవం ముందే ఇద్దరూ వాదులాడుకున్నది,
రోసెందా మగ్గం కర్ర పట్టుకుని
తెల్లారేదాకా వదలకపోవడం,
ఉన్నదున్నట్టు.
నా మిషను వేడెక్కి రెండుసార్లు ఆగింది.
నూట నలభై. మళ్ళీ నలభై. మళ్ళీ అరవై.
చివర్లో "మిగతాది వచ్చేవారం" అని వెయ్యమన్నది
నేనే.
పాపంలో నా వాటా కాపీకి ముప్పై పెసోలు.

ఆ ఆదివారం ఉన్ని సంతలో
రోసెందా తన దుప్పట్లు భుజానేసుకుని
చెల్లెలి బల్ల ముందునుంచి
ఖాళీ చోటు దాటినట్టు దాటింది.

ఎదువీనా లెక్కలు నా కొట్లోనే రాసుకుంటుంది.
రాబడి: డెబ్బై రెండు వేలు.
ఖర్చు: కాగితం, సిరా, పంటు టిక్కెట్టు.
దాని కింద "రోసెందా" అని రాసి
ఎదురుగా అంకె వెయ్యక
కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది.
నేను మిషను తుడుస్తున్నట్టు నటించాను.

వచ్చేవారం వచ్చింది.
పంటు మీద చేతులు చాచి ఉన్నాయి.
పేజీలో మిగతాది లేదు.
దుంపలు మొలకెత్తకుండా ఏ చీకట్లో దాచాలో,
అమ్మ దుప్పటికి ఆ పసుపురంగు
మిచాయ్ పొద బెరడునుంచి ఎలా తీసేదో, అంతే.
"దెబ్బలాట ఏదమ్మా?" అని
ఒకాయన డబ్బు వెనక్కి అడిగాడు. ఇచ్చేసింది.
యాభై రెండు పోయాయి.
నేను విసుక్కున్నాను, దాచడమెందుకు.

మూడో పొద్దున నా తలుపు సందులో ఒక కాపీ,
నాలుగు మడతలు, అంచులు నానిపోయి.
"బెరడు" అన్న మాట కొట్టేసి ఉంది.
పక్కన, నేతపోగులు లెక్కేసుకునే నీలి పెన్సిలుతో:
"బెరడు కాదు, వేరు.
నీకెప్పుడూ సరిగ్గా గుర్తుండి చావదు."

ఎదువీనా చదివింది. ఇంకోసారి చదివింది.
లెక్కల పుస్తకం తీసి
ఆ ఖాళీ గడిలో "వేరు" అని రాసుకుంది.
అది ఎన్ని పెసోలో నాకు తెలీదు.

మిషను మూత ఎత్తి "ఎన్ని?" అన్నాను.
"ఉండవయ్యా," అంది,
"ముందు తప్పు దిద్దుకోనీ."