అరవెంట్రుక

ఎర్రముక్కపల్లిలో మా లేతు షాపుకు
ఆటోలో దిగింది
రైఫిల్ క్లబ్బోళ్ల తూటాలు నింపే మిషను.

"హ్యాండిలు గుంజితే పళ్లెం తిరుగుతాదప్పా,
నిలబడాల్సిన కాడ నిలబడదు"
అన్నాడు సుబ్బరాయుడు సారు.

మందు డబ్బా మీ కాడే పెట్టుకోండి సార్,
ఖాళీ గుల్లలు నాలుగు చాలు నాకు.

విప్పితే ఏముంది,
కడప ఎండకు పాకం పట్టిన గ్రీజు,
ఇత్తడి పొట్టు, మసి,
అందులో అతుక్కోని ఒక గండుచీమ.
కిరసనాయిల్లో కడిగినా.
స్ప్రింగు మార్చినా.
అయినా అదే తంతు.
రెండోనాడు పొద్దుగూకే ముందర దొరికింది:
నడిమి బోల్టు, అరవెంట్రుక వదులు.
బోరు మోటార్లకు ఇదొక లెక్కనా!

మా నాయనకు కుడిచేతికి మూడే వేళ్లు.
ఆ దినాల్లో ఎవురూ కొలవలా.
చీనీ తోటలో, చీకట్లో,
పిడికిళ్లతో పోసినారంట.
ఎవురి కోసరం అంటే చెప్పడు.

సాయంత్రం టీ తెచ్చి
స్టూలు మీద కూర్చున్నాడు.
ఆ మూడేళ్లతోనే హ్యాండిలు గుంజినాడు.
టక్.
గుల్ల జరిగింది, నిలబడింది.
మళ్లా గుంజినాడు. మళ్లా.
టీ సల్లారిపాయ.

ఏమీ అనలా.
నూనె డబ్బా మాత్రం
నా పక్కకు జరిపినాడు.