ఓడ మరక

పద్నాలుగు నెలలు చీటీ కట్టాను.
కాగితంలో మూడంతస్తుల తెల్ల ఓడ,
మెట్ల మీద ఎవరో పిల్ల, నవ్వుతూ.

రంభ రేవులో ఉన్నది పాత లాంచీ.
పొద్దున్నే రంగేసినట్టున్నారు,
రెయిలింగుకి ఆనుకుంటే
మా మగ్గం మీద నేసిన పట్టుచీర కొంగుకి
నీలం అంటుకుంది.

"డాల్ఫిన్లా? అవి సాతపడా వైపమ్మా"
అన్నాడు దండాసి, టికెట్లు చింపేశాక.
పక్షులు వెళ్ళిపోయి నెలయిందట.
చల్లారిన డాల్మా. తిరగని ఫ్యాను.
మా ఆయన లైఫ్ జాకెట్ తలకింద పెట్టుకుని
బరంపురంలో లాగే గుర్రుపెట్టాడు.

అర్ధరాత్రి ఇంజను ఆగిపోయింది.
చిలికా అంతా నల్లగా, డీజిలు కంపు.
చీకట్లోంచి ఒక నాటుపడవ వచ్చి ఆనింది.
నోలియా ముసలాయన, మన తెలుగే.
"ఏ ఊరమ్మా? ఎంతిచ్చేరు దీనికి?"
చెప్పాను.
తెడ్డు ఆపి చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత ఇద్దరం ఒక్కసారే నవ్వాం,
మా ఆయన ఉలిక్కిపడి లేచేంత.
వెళుతూ వెళుతూ
గుప్పెడు రొయ్యలు పైకి విసిరాడు, ఊరికే.

కొంగు మీద నీలం
కిరసనాయిలుకీ పోలేదు.
ఏమిటీ మరకని పక్కింటి సుభద్రా అపా అడిగితే
"ఓడెక్కాం కదా" అన్నాను,
కొంగు ముందుకి లాక్కుంటూ.