శివారు కరెంటు

ఆకివీడు సబ్‌స్టేషన్లో బయల్దేరిన తీగ
మా ఇంటికొచ్చేసరికి అలిసిపోతుంది.
మధ్యలో ముప్పై రెండు చెరువులు.
రాత్రి పదిన్నరకి రొయ్యకి ఊపిరాడదు,
ఏరేటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి,
మా ట్యూబులైటు కళ్లార్పడం మొదలెడుతుంది.
కాలవ శివారు చేలకి నీరెంతో
లైను శివారు కొంపకి కరెంటూ అంతే.

అలాంటి ఇంట్లో
నేనొక గేమింగ్ కంప్యూటర్ కట్టుకుంటున్నాను.
జీతానికో ముక్క.
శ్రావణంలో మదర్‌బోర్డు,
దసరా బోనస్‌కి ప్రాసెసర్,
గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండుది, ఉండిలో
సప్లిమెంటరీ ఫీజు కట్టాల్సిన కుర్రాడి దగ్గర.
డబ్బు లెక్కపెట్టుకున్నాక కూడా
దాని ఫ్యాను రెక్కని వేలితో ఓసారి తిప్పాడు.

మిగిలింది పవర్ సప్లై.

భీమవరం షాపులో రెండు డబ్బాలు.
ఒకటి ఎనిమిది వందల యాభై వాట్లు,
ఏడు రంగుల లైట్లు, రెండు వేల రెండొందలు.
ఇంకోటి ఆరు వందల యాభై. నల్లటి ఇనుము.
లైటన్నది లేదు. ఆరు వేల నూట యాభై.
"ఏది పెద్దంకె? మీరే చెప్పండి మేడమ్"
అన్నాడు షాపు కుర్రాడు, నవ్వుతూ.

రోజుకి తొమ్మిది గంటలు
ఐసునీళ్లలో రొయ్యల్ని ఏరే చెయ్యి నాది.
గ్లౌజులోంచైనా కౌంటు చెబుతుంది.
రంగుల డబ్బా ఎత్తాను, తేలిపోయింది.
వంద కౌంటు రొయ్యకి
ముప్పై కౌంటు చీటీ అంటించారు ఎవరో.
మా ప్లాంటులో అయితే
కంటైనరుకి కంటైనరే వెనక్కొచ్చేది.

అయినా నాలుగు వేల తేడా నాలుగు వేలే కదా.
మోటార్లు చుట్టే సత్యానందం గారికి ఫోన్ చేశాను.
"బరువెంతుందమ్మాయ్?
రాగి దాక్కోలేదు, తూకంలో పడిపోద్ది."
వెనకాల సుత్తి చప్పుడు, ఎవరినో తిట్టడం.
"అట్ట మీద కింద చిన్నక్షరాలుంటాయి, చదువు.
ఎంత వోల్టేజీ నుంచి పనిచేస్తాదంట?"

రంగులదాని మీద: రెండొందల నుంచి రెండు నలభై.
నల్లదాని మీద: వంద నుంచి రెండు నలభై.

నిన్న రాత్రి పదకొండుకి
మీటరు పుల్లలు ప్లగ్గులో గుచ్చి చూశాను:
నూట అరవై ఎనిమిది.

ఇంక ఆయన ఏం చెప్పలేదు. నేనూ ఏం అడగలేదు.
కార్డు రెండొందల ఇరవై, ప్రాసెసరు నూట ఐదు,
తతిమ్మావి డెబ్బై,
ఎప్పుడైనా కార్డు రెప్పపాటు ఆశపడి
రెట్టింపు అడిగితే దానికో మూడొందలు.
బిల్లు వెనక కూడి చూసుకున్నాను. చాలు.

చాలనిది అద్దాల క్యాబినెట్‌కి దాచిన డబ్బు.
అది అక్కడే ఖర్చయిపోయింది.

అందుకని నా కంప్యూటరు ఇప్పుడు
నీలం రంగు రొయ్యల క్రేటులో ఉంది.
నాలుగు వైపులా కన్నాలు, గాలికి కొదవ లేదు.
సున్నంతో మూడుసార్లు కడిగినా
వేడెక్కితే కొద్దిగా నీచు వాసన.
"దీంట్లో ఐసెప్పుడు పోస్తావే" అంది అమ్మ.
సత్యానందం గారు తనంతట తనే వచ్చి
ఎర్తు గొయ్యిలో ఉప్పూ బొగ్గూ వేసి,
రెండు బిందెలు నీళ్లు పోయించి,
టీ తాగకుండా వెళ్లిపోయారు.

మొదటి రాత్రి.
పదిన్నర. ట్యూబులైటు రెప్పలు కొట్టింది,
సీలింగు ఫ్యాను ముసలి నడక పట్టింది.
తెర మీద నా గుర్రం మాత్రం
మంచులో అదే పరుగు.
ఒకసారి కరెంటు గుటక వేసింది,
పోయి వచ్చింది.
తూము చెక్క లాగడానికి మునిగిన మనిషిలా
ఆ నల్లడబ్బా ఊపిరి బిగబట్టి
మళ్లీ పైకి తేలింది. గుర్రానికి తెలీదు.

పదకొండున్నరకి ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది.
ఊరూ, తెరా, గుర్రమూ అన్నీ ఒకే నలుపు.
కరెంటే లేనప్పుడు
ఏ డబ్బా అయినా డబ్బాయే.

చీకట్లో క్రేటులోకి చెయ్యి పెట్టాను.
అప్పుడే దించిన అన్నం గిన్నెకి మల్లే వెచ్చగా ఉంది.
అవతల చెరువు గట్ల మీద
ఒకటి తర్వాత ఒకటి జనరేటర్లు లేస్తున్నాయి.
రొయ్యలకి ముందు.
ఎల్లుండి పొద్దుటి షిఫ్టుకి
అవే నా బల్ల మీదకొస్తాయి.