ముగ్గురు పెరిగారు

జనవరి రెండో మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
సిటీ హాల్లో మడత కుర్చీలు అరవై వేశాం.
వచ్చింది పద్నాలుగు మంది, ఒక కుక్క.
కాఫీ మాత్రం అరవై మందికీ కాగింది.

వార్షిక నివేదిక కూర్చింది నేనే.
టాల్మన్ ఫెర్రీ, ఇల్లినాయ్. అట్ట మీద వంతెన,
లోపల ముప్పై రెండు పేజీలు,
పేజీకో ఆకుపచ్చ బాణం, పైకి చూస్తూ.
పైకి చూడని వాటిని పట్టికల్లో పెట్టమంది మేయర్ లొరెట్టా,
పట్టికలు ఎవరూ చదవరని.

"కొత్త వ్యాపారాలు పదకొండు," అని ఆమె చదువుతోంది.
పదకొండూ నాకు తెలుసు, రసీదులు రాసిన చెయ్యి ఇది.
రెండు ఒకే మనిషివి:
ఎమ్మెట్ పగలు గడియారాలు విప్పుతాడు,
రాత్రి అదే బల్ల మీద చేపల గాలాలకు ఈకలు కడతాడు.
ఒకటి ఏప్రిల్లో తెరిచి ఆగస్టులో మూసేశారు.
తీసేయనా అని అడిగాను.
"తెరిచారు కదా, అదీ నిజమే," అంది.
నిజమే. ఆ తలుపు గంట నేనూ విన్నాను.
దాల్చినచెక్క వాసన
ఆ కిటికీని ఇంకా వదిలిపోలేదు.

తర్వాత చీపుళ్ల ఫ్యాక్టరీ.
ఎన్ని వంటిళ్లను ఊడ్చిందో ఈ ఊరు!
మూతపడ్డాక ఇరవై ఆరేళ్లు
తన దుమ్ము తాను ఊడ్చుకోలేకపోయింది.
ఇప్పుడక్కడ పద్దెనిమిది ఇళ్లు. పద్దెనిమిదీ నిండాయి. చప్పట్లు.
వెనక వరసలో డెల్బర్ట్ చేతులు కలపలేదు.
అతని కుడిచేతి వేళ్లు రెండు
ఆ భవనం మూడో అంతస్తులోనే పోయాయి,
చీపురు కుట్టే మిషన్ కింద.
ఇప్పుడా గదిలో ఎవరి పిల్లో పియానో నేర్చుకుంటోందట.
"అన్నీ తప్పులే," అన్నాడు నాతో, కోపంగా కాదు,
"పది వేళ్లుండి కూడా."

జనాభా: తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు.
నిరుడు తొమ్మిది వేల నాలుగు వందల తొమ్మిది.
"ముగ్గురు పెరిగారు," అంది లొరెట్టా,
మంచినీళ్ల గ్లాసు అందుకొని, తాగకుండానే దించి.
ముగ్గురంటే ముగ్గురా?
పోయినవాళ్లు, పుట్టినవాళ్లు,
అద్దె ట్రక్కులో సోఫా కట్టుకొని వెళ్లినవాళ్లు,
మాంసం ప్లాంటు రాత్రి షిఫ్టుకి వచ్చి
మా పగలు ఎలా ఉంటుందో ఇంకా చూడనివాళ్లు,
అందరినీ తీసి, కలిపి, చివర మిగిలిన చిల్లర అది.
లెక్క వేసిన రాత్రి రాష్ట్రం పంపిన అంకెకి
ఒకటి తక్కువొచ్చింది నాకు.
నాలుగుసార్లు కూడాక తట్టింది.
మార్చిలో రెండు పెట్టెలతో,
దొరకవేమోనని నాలుగు కుక్కర్ గాస్కెట్లతో
దిగిన మనిషిని మరిచాను.
పెన్సిలుతో నన్ను కలిపాను. సరిపోయింది.

ఇరవై ఏడో పేజీ: కాలిబాట, పదకొండు వందల నలభై అడుగులు.
అందులో చివరి అరవై అడుగులు విల్మా ఇంటి ముందువి.
నాలుగేళ్లు, సోమవారం తొమ్మిదింటికల్లా ఫోను,
నాకు ముందున్న గుమాస్తాకి, ఆపైన నాకు:
"నా చక్రాల కుర్చీకి బురద తినిపించలేక చస్తున్నాను."
అక్టోబరులో సిమెంటు పోశారు.
తడి ఆరకముందే ఒక పిల్లి దాటింది,
ప్రారంభోత్సవం అదే చేసింది.
ఆ సోమవారం తొమ్మిదైంది. ఫోను లేదు.
తొమ్మిదీ ఇరవైకి నేనే నంబరు తిప్పబోతుంటే మోగింది.
"ఆలస్యమైంది," అంది విల్మా, రొప్పుతూ,
"బయటికెళ్లొచ్చాను."

డిసెంబరు నుంచి మళ్లీ సరిగ్గా తొమ్మిదికే.
ఆ బాట మీద మంచు ఎవరు తీస్తారని.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని మేయర్ అడిగింది.
కుక్క ఆవలించింది.
కుర్చీలు మడిచి, మిగిలిన కాఫీ పారబోసి,
వచ్చే ఏడాది ఫైలు తెరిచాను.
ఇంకా బాణాల్లేవు. మొదటి వరసలో రాసుకున్నాను:
పార, ఒకటి.