తట్ట మోసిన దేవుళ్ళు

పాలమూరు లైబ్రరీల, గ్రూప్స్ గైడ్ల నడుమ
అట్ట ఊడిన పాత చరిత్ర పుస్తకమొకటి దొరికింది.
సుమేరు. రెండు నదులు. మట్టి పలకలు.
పెద్ద దేవుళ్ళకు పేజీలకు పేజీలున్నయి
చిన్న దేవుళ్ళకు పేజీ అడుగున
చీమల బారంత సన్నక్షరాలు.

చీకటిపడే యాళ్ళకు కోయిలకొండ చేరి
అవ్వకు చెప్పిన:
మనుషులు పుట్టకముందు
కాలువలు తవ్వింది దేవుళ్ళేనంట.
పెద్దోళ్ళు గట్టు మీద నిలబడి లెక్క చూస్తుంటే
చిన్నోళ్ళు పార పట్టి, తట్ట మోసి
పూడిక తీసి గుట్టలు పోసేటోళ్ళంట.

మాసమ్మవ్వ పల్లికాయ ఒలుస్తున్నది.
"మేస్త్రి ఎవడు?" అన్నది.
తెల్వదన్న.
"అడ్వాన్సు ఎంతిచ్చిండ్రు?"
పుస్తకంల రాయలేదన్న.
"అయితే రాసినోడు ఎన్నడు తట్ట ఎత్తలే."

ఏండ్లకేండ్లు నడుములు పడిపోయి
ఒకరాత్రి పారలు, తట్టలు మంటలేసి
పెద్దదేవుని వాకిలి చుట్టుముట్టిండ్రంట.
తెలివిగల దేవుడేమో నిద్రల ఉన్నడు.
తల్లి పోయి లేపింది.
లేచి, మట్టి పిసికిచ్చి, మనిషిని చేపిచ్చి
తట్ట వాని నెత్తిన పెట్టిండు.

ఒలిచే చెయ్యి ఆగింది.
"సూస్తివా, తట్ట కిందికి దిగలే.
నెత్తి మారింది.
జూరాల కట్టకాడ మీ తాత కుర్మయ్య
గిట్లనే పార ఇసిరిగొట్టిండు.
తెల్లారి కోస్గి దిక్కుకెల్లి
ఇంకో లారీ జనం దిగిండ్రు."

ఇటుకలకు కూడ ఒక దేవుడున్నడవ్వా, కుల్ల.
పునాది నాడు పిలిచి బువ్వ పెడతరు.
ఇల్లు లేచినంక
పడవల కూసోబెట్టి, తొవ్వకింత కట్టిచ్చి
మళ్ళ ఈ దిక్కు రాకని పంపిస్తరు.
కట్టిన దేవుడు లోపలుంటే
ఇంటాయనకు కీడంట.

చాన సేపు మాట్లాడలేదు అవ్వ.
ఎడమకాలు ముందుకు చాపుకున్నది.
"పూనాల స్లాబ్ పోస్తుంటే
ఈ ఏలి మెట్టె జారి కంకర్ల పడ్డది.
ఒక్క గడియ మిషను ఆపమంటే ఆపలే.
ఎవలో కాళ్ళు చాపుకొని పండుకుంటరు
దాని మీద."

ముంతల కల్లు తాగబోయే ముందు
ఎప్పటిలెక్కనే కట్టమైసమ్మకు
నేల మీద ఇంత సాక పోసింది.
ఆగి, ఇంకింత వంపింది.
"ఏం పేరంటివి?"
కుల్ల.
"తాగు కుల్లయ్యా.
పడవల ఏం కట్టిచ్చిండ్రో, ఏమో."

తర్వాత నన్నడిగింది:
"గా ఊరు బొంబాయి దాటినంకనా?"
బొంబాయి దాటి, సముద్రం గూడ దాటాలన్న.
"బస్సు పోదా మరి?"
అనుకుంట
పొట్టు నిండిన తట్ట
నా దిక్కు జరిపింది.